మహారాజశ్రీ బ్రూనో గారి చిత్తరువు

తెలుగిళ్లలో హాలు గోడకి ఒక మర్యాద ఉండేది. ఫ్రేము కట్టించుకుని అక్కడికెక్కాలంటే ముందు ఈ లోకం ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత గంధం బొట్టు, దండ, చిన్న ఎర్రబల్బు వరసగా వచ్చేవి. పోకుండానే ఆ చోటు దక్కించుకున్నవాళ్లు దేవుళ్లూ, దేవుడి వేషం కట్టిన ఎన్టీ రామారావూ మాత్రమే.

ఇప్పుడు టీవీకి పైన, బంగారు రంగు ఫ్రేములో బ్రూనో గారు కొలువుదీరారు. ఛాతీ నిండా పతకాలు, భుజం మీద ఎర్ర శాలువా, నడుముకి కత్తి. కొత్తగా వచ్చిన చుట్టం గోడకేసి చూసి, గొంతు తగ్గించి, "పాపం, ఎప్పుడు పోయింది?" అంటాడు. ఈలోగా బ్రూనో గారే సోఫా కిందనుంచి వచ్చి ఆయన కాలి మేజోళ్లు నాకుతారు. తాతగారి ఫొటో స్టోర్ రూములో పాత కూలర్ వెనక ఉంది. ఆయనకి కత్తి లేదు మరి.

పెంపుడు జంతువుల బొమ్మలు గీసిచ్చే వ్యాపారం చూడముచ్చటగా సాగుతోంది. వాట్సాప్‌లో ఫొటో పంపాలి, ఫోన్‌పేలో అడ్వాన్సు కొట్టాలి. సైజును బట్టి ఒక రేటు, తలల లెక్కన ఇంకో రేటు. "మీ బిడ్డ ఆత్మని కాగితం మీదికి దించుతాం" అన్నది ప్రకటన. గీసేవాడు ఆ కుక్కని చూడలేదు, దాని మొరుగు వినలేదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోకి సగం స్పష్టత దారిలోనే పోతుంది. ఆత్మ మాత్రం చెక్కుచెదరకుండా చేరుతుందట! ఇక "పూర్తిగా చేత్తో గీసింది" అన్న హామీ ఉండనే ఉంది. కొన్నిచోట్ల ఫొటోని పెన్సిలు గీతలుగా మార్చే యాప్ చాలు. అబద్ధమేమీ లేదు, బటన్ నొక్కింది చేత్తోనే కదా.

నిజంగా గీసేవాళ్లూ ఉన్నారు. మాసాబ్ ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్లు కండరాలూ ఎముకలూ గీసి పట్టా పుచ్చుకున్న కుర్రాడు, పగ్‌కి కిరీటం ఎంత వాలుగా పెట్టాలో లెక్కలేసుకుంటున్నాడు. అతనికొచ్చే సవరణలు చూడండి. "కొంచెం నవ్వుతున్నట్టు పెట్టు బాబూ." "ఆ బొజ్జ తగ్గించు." "వెనకాల హిమాలయాలు వెయ్యి, మాది హస్కీ." ఆ హస్కీ పుట్టి బుద్ధెరిగాక చూసిన చలల్లా కూకట్‌పల్లిలో ఏసీ చలి. అంతా అయ్యాక అసలు మాట బయటికొస్తుంది: "ఇంత బుల్లి కుక్కకి అంత రేటా?"

రాజుల కాలం నుంచీ ఉన్న ఆచారమే కదా అంటారు. నిజమే, ఉంది. 1621లో జహంగీరు కొలువుకి జీబ్రా వచ్చింది. ఒంటిమీది చారలు ఎవరో పూసిన రంగేమోనని కొందరికి అనుమానం. పరీక్షించి, కాదని తేల్చుకున్నారు. దాన్ని ఆస్థాన చిత్రకారుడు మన్సూరు ఉన్నదున్నట్టు గీశాడు. జంతువుకి ఎవరైనా వేషం వేశారేమోనని ఆనాడు పాదుషా దర్బారు పరీక్ష పెట్టింది. మనం వేషం వెయ్యమని ఎదురు డబ్బిస్తున్నాం.

విక్టోరియా రాణి 1841లో క్రిస్మస్ కానుకగా భర్త ఆల్బర్ట్‌కి ఆయన గ్రేహౌండ్ ఇయోస్ బొమ్మ ఇచ్చింది. గీసింది లాండ్‌సీర్. అందులో ఆల్బర్ట్ టోపీ ఉంది, చేతి తొడుగులున్నాయి, ఆల్బర్ట్ లేరు. కుక్క కుక్కలాగే నిలబడింది. టోపీని దాని నెత్తిన పెట్టాలన్న ఆలోచన మహారాణికి కూడా రాలేదు. అందుకు మన గేటెడ్ కమ్యూనిటీలు పుట్టాల్సి వచ్చింది. శుభలగ్నం చూసి గద్దెనెక్కించినా కుక్క గుణం మారదని సుమతీ శతకకారుడు ఎప్పుడో హెచ్చరించాడు. ఆయన నీతి చెప్పాననుకున్నాడు. మనవాళ్లు దాన్ని డిజైన్ అనుకున్నారు.

లోకమంతా ఎరిగిన కుక్క బొమ్మ ఒకటుంది. మన తాతలు త్యాగరాజ కీర్తనలు విన్నా, నాటక పద్యాలు విన్నా, రికార్డు మీద గ్రామఫోను గొట్టం ముందు తల వాల్చి కూర్చుని కనబడ్డ నిప్పరే అది. 1895లో అది చనిపోయింది. మూడేళ్లకి దాన్ని పెంచిన ఫ్రాన్సిస్ బరాడే గుర్తుచేసుకుని గీశాడు. ఆ బొమ్మకి ఎవరూ ఆర్డరివ్వలేదు. కత్తీ కిరీటం లేవు, కుక్క చేసే పనే చేస్తోంది, వింటోంది. 1899లో గ్రామఫోన్ కంపెనీ వంద పౌన్లిచ్చి కొంది. పాత యంత్రం చెరిపి తమ యంత్రం పెట్టమన్న షరతు మాత్రం పెట్టింది. ఆ వ్యాపారస్థులు కూడా మార్పించింది యంత్రాన్నే, కుక్క జోలికి పోలేదు.

"మా ప్రేమ మీకేం తెలుసు" అని కోపం తెచ్చుకోకండి. పోయిన కుక్కని తలుచుకుని గోడ మీద బొమ్మ పెట్టుకున్నవాళ్లని ఒక్కమాట అనను. నా పేచీ శాలువాతో. కుక్క కళ్లకి ఎరుపు సరిగా ఆనదు, మసక మట్టిరంగులా కనిపిస్తుంది. నీలం, పసుపు మాత్రం తెలుస్తాయి. కాబట్టి ఆ రాజ ఎరుపు బ్రూనో కోసం కాదు. ఎదురింటి ఫ్లాటువాళ్ల కోసం. కుక్కకి జమీందారీ ఇప్పిస్తే, దాన్ని పెంచేవాళ్లు జమీందారులు కాక ఏమవుతారు?

ఇక కుటుంబ చిత్తరువులో ఎవరున్నారో చూడండి. అయ్యగారు, అమ్మగారు, అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయి. అబ్బాయి ఫొటో విడిగా పంపి అతికించి గీయించారు. బ్రూనోని అతను కలిసేది వీడియో కాల్లోనే. రోజూ తెల్లారకముందే దాన్ని బయట తిప్పేది వాచ్‌మన్ కొడుకు. కవరు పట్టుకుని దాని వెనకాలే నడిచేది, దీపావళి టపాసులకి అది వణికితే మెట్ల కింద పక్కన కూర్చునేది ఆ పిల్లాడే. బొమ్మలో అతనికి చోటు లేదు. తలల లెక్కన రేటు కదా, ఒక తల పెరిగితే ఖర్చు.

బొమ్మ వేయించుకోవద్దనను. బ్రూనోని ఒక పూట ఆ బొమ్మలు గీసే కుర్రాడి ఎదుట కూర్చోబెట్టండి. కూర్చోకపోతే కూర్చోకుండా ఉన్నదాన్నే గీయనివ్వండి. అడిగిన రేటివ్వండి. కత్తి తీసేసి మెడకి గొలుసు వేయించండి. గొలుసు అవతలి కొస పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నది మాత్రం మీరు చెప్పొద్దు, బ్రూనోని అడిగి గీయమనండి.