నాలుగంగుళాల నీడ

2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది, వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు రాత్రికి రాత్రి వెళ్ళి తెల్లారేసరికి బయటికి తెచ్చారు. ఆ మర్నాడు హనుమకొండలో మా చాయ్ బండి దగ్గర నేనొక మాట అన్నాను. "తూర్పేదో పడమరేదో ఎరగని పోరగాళ్ళను అడవిలకు ఎవరు పొమ్మన్నరు?" నలుగురూ తలాడించారు. వాళ్ళకొచ్చిన ఆపద వరదతో, దిక్కుతో కాదని అప్పుడు నాకు తట్టలేదు. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో సాంఘిక శాస్త్రం చెప్పిన నోరు కదా, ఊరుకోదు.

మేము నలుగురం రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాం. ఆదివారం వస్తే ఏదో ఒక గుట్ట. నడిచొచ్చాక చాయ్ దగ్గర ముచ్చట్లు. పద్మాక్షి గుట్ట వెనక నెమలి కనబడ్డదని ఒకరంటే, వానకు మెట్లు పాకుడు పట్టాయా అని ఇంకొకరు అడుగుతారు. ఆ గుట్ట మీది 1117 నాటి శాసనం గురించి నేను ప్రతి నెలా ఒకసారి చెబుతాను, వాళ్ళు ప్రతి నెలా కొత్తగా విన్నట్టు వింటారు. అంత మంచివాళ్ళు.

నిరుడు మా చిన్నోడు డబ్లిన్ నుంచి వస్తూ ఒక పుస్తకమూ ఒక ఈలా తెచ్చాడు. ఐర్లండ్ కొండల్లో నడిచేవాళ్ళ కోసం రాసిన పుస్తకం అది. వాళ్ళ కొండలు మరీ ఎత్తేం కావు, అన్నిటికన్నా పెద్దదైన కారంటూహిల్ 1,038 మీటర్లు. కానీ మంచు కమ్మితే నిమిషాల్లో తొవ్వ మాయమవుతుందట. అందుకే పటం, దిక్సూచి, ఈల లేనిదే వాళ్ళు గడప దాటరు. పటమూ దిక్సూచీ లేని వేళ పొద్దును బట్టి దిక్కు పట్టడం ఎలాగో కూడా అందులో ఉంది. మిట్టమధ్యాహ్నం కర్ర పాతితే నీడ ఉత్తరానికి పడుతుంది, దానికి వీపు తిప్పి నిలబడితే నీ ముందున్నది దక్షిణం. ఈ వాక్యం కింద నేను ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఎర్ర గీత గీసిన తరవాత ఇంక అనుమానించే అలవాటు నాకు లేదు.

వారం రోజులు చాయ్ బండి దగ్గర అదే పాఠం. మిరుగం పోయిన వారానికి అందరం కలిసి పాండవుల గుట్టలకు బయలుదేరాం. ముగ్గురు మిత్రులు, సెలవులకొచ్చిన మా మనవడు, నేను. రేగొండ మండలంలో, వరంగల్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటాయవి. ఇసుకరాయి గుట్టలు, వాటి పొట్టల్లో గుహలు. రాతి మీద ఎరుపు, పచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో అడవిదున్న, జింక, పులి. 1990లో బయటి లోకానికి తెలిసిన బొమ్మలు. గీసినవాళ్ళు ఏ వేల ఏళ్ళ కిందటివాళ్ళో. వాళ్ళలో ఒక్కడైనా ఇంటికి తొవ్వ తప్పి ఉంటాడా అని అప్పుడు అనుకోలేదు, తరవాత అనుకున్నాను.

పొద్దెక్కేదాకా బొమ్మలు చూశాం. ఆటో ఆగిన చోటు మాకు దక్షిణాన ఉందని పొద్దున్నే గుర్తు పెట్టుకున్నాను, అంతవరకు తప్పు లేదు. తిరిగి బయలుదేరేసరికి బండల మధ్య రెండు మూడు తొవ్వలు కనిపించాయి. "తాతా, ఫోన్ల దిక్సూచి ఉంటది, చూస్తా" అన్నాడు మనవడు. "ఫోన్ జేబులో పెట్టురా" అన్నాను. నా జీవితంలో నేనిచ్చిన ఆజ్ఞలన్నిటిలో ఇంత స్పష్టంగా గుర్తున్నది ఇంకోటి లేదు.

పన్నెండుంబావుకు నాలుగడుగుల కర్ర నిలబెట్టాను. నీడ నాలుగంగుళాలుంది. "ఇంతేనా?" అన్నాడు బ్యాంకులో క్యాషియర్ చేసి రిటైరైన మిత్రుడు. అంకెల మనిషి, కొంచెం తేడా వచ్చినా ఆయనకు నచ్చదు. "ఎంతుంటే ఏం, దిక్కు ముఖ్యం" అని నీడకు వీపు తిప్పి నడక మొదలుపెట్టాను. వెనక నలుగురు.

ముప్పావు గంట నడిచాం. తునికి చెట్లు చిక్కనయ్యాయి. నీళ్ళ సీసాలు రెండూ అయిపోయాయి. ఒక నిమిషం నీడ, ఒక గుక్క నీళ్ళు, అవే నా గొంతెమ్మ కోరికలు. ఆ గుట్టల్లో ఒకదాని పేరే గొంతెమ్మ గుట్ట, అంటే కుంతమ్మ గుట్ట. ఎక్కడుందో తెలిస్తే దండం పెట్టుకునేవాణ్ణి.

అప్పుడు ఈల గుర్తొచ్చింది. నిమిషంలో ఆరు సార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ ఆరు. విన్నవాళ్ళు మూడు ఈలలతో జవాబిస్తారు. ఆరు ఊదాను, ఆగాను. మళ్ళీ ఆరు ఊదాను. జవాబుగా వచ్చింది ఒక తిట్టు.

"ఎవడ్రా గా ఈల ఊదేది? మేకలు బెదిరి చెట్టుకొకటి ఉరుకుతున్నయ్!"

బండల మీంచి దిగొచ్చిన పెద్దమనిషి మమ్మల్ని చూసి గొంతు తగ్గించాడు. "ఎటు వోతున్నరు సారూ?" ఆటో దగ్గరికన్నాను. "గట్లయితే ఉల్టా నడుస్తున్నరు. గొంతెమ్మ గుట్ట అగో, మీ ఈపెనకున్నది." కర్ర, నీడ, పుస్తకం అన్నీ వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "ఈ ఎండకాలం నీడ కాళ్ళకిందికెళ్ళి కదలదు గద సారూ, దాన్ని జూసి తొవ్వెట్ల వడ్తరు?" అన్నాడు. తన సీసాలో నీళ్ళు మనవడికిచ్చి, మేకల్ని వదిలి ఆటో దాకా వచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఈల ఇస్తానంటే నవ్వాడు.

ఆటోలో కూర్చున్నాక మనవడు మెల్లగా అడిగాడు. "తాతా, జూన్ల సూర్యుడు కర్కట రేఖ మీదుంటడు గదా? అది మనకు ఉత్తరం గదా?"

ఆ ప్రశ్న నేను పరీక్షల్లో ఎన్నిసార్లు ఇచ్చి ఉంటానో! కర్కట రేఖ 23½ డిగ్రీలు, వరంగల్ 18. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలయ్యేదాకా మధ్యాహ్నపు పొద్దు మనకు ఉత్తరాననే ఉంటుంది, నీడ దక్షిణానికి పడుతుంది. 53 డిగ్రీల మీదున్న డబ్లిన్‌లో పొద్దు ఏడాది పొడుగునా దక్షిణాననే. జూన్‌లో కూడా అక్కడ నా కర్రకు రెండడుగుల పైన నీడ పడేది. పుస్తకం అబద్ధమాడలేదు, నా కోసం రాయలేదంతే. క్యాషియర్ మిత్రుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, కానీ ఆయన భుజాలు కదులుతున్నాయి.

మర్నాడు చాయ్ దగ్గర, నెమళ్ళను చూపిద్దామని కావాలనే చుట్టు తిప్పానని చెప్పాను. ఇదీ ఒప్పుకోవాలి. ఒక్కరూ నమ్మలేదు. "పంతులూ, చెరువు ఎటు?" అని క్యాషియర్ ఇప్పటికీ రోజూ అడుగుతాడు.

కొడుక్కి ఇంకా చెప్పలేదు. మొన్న ఇంకో పుస్తకం పంపాడు, చుక్కల్ని చూసి దిక్కు పట్టడం మీద. ఈసారి అట్ట తిప్పకముందే లెక్క చూసుకున్నాను. ధ్రువ నక్షత్రం డబ్లిన్‌లో 53 డిగ్రీల ఎత్తున ఉంటే మనకు 18 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. రాత్రి కోణమానిని పట్టుకుని మేడెక్కాను. ఉత్తరాన సరిగ్గా 18 డిగ్రీల ఎత్తులో పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు ఉంది.