ఆరింటికల్లా ఇంటికి పంపే కొలువు

నల్లకోటు కుట్టించి ఏడాది తిరగలేదు, అప్పుడే మీకు సర్కారు వకీలు కొలువు కావాలి. అందులోనూ సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి పంపే కొలువు కావాలి. మా రోజుల్లో ఈ ప్రశ్న ఎవడూ వేసేవాడు కాదు నాయనా. పదిన్నరకి కోర్టు మొదలై అయిదింటికి జడ్జిగారు బెంచి దిగితే ఆ రోజు పని అయిపోయినట్టే. రాత్రి లాంతరు పెట్టుకుని కేసు కట్ట చదవడాన్ని మేం పని కింద జమ కట్టేవాళ్ళం కాదు. మా ఇంటావిడ లెక్క వేరు, అది ఆవిణ్ణే అడగాలి.

ఏపీపీ అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, మెజిస్ట్రేటు కోర్టులో సర్కారు తరఫున నిలబడేవాడు. ఒకప్పుడు ఆ కోర్టుల్లో పోలీసు శాఖ ప్రాసిక్యూటింగ్ ఇన్‌స్పెక్టర్లే కేసులు నడిపేవారని మా సీనియరు చెప్పేవారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ పని వకీళ్ళ చేతికొచ్చింది. అదొక్కటీ మంచి మార్పే, ఒప్పుకుంటాను. తరవాత వచ్చినవాటి సంగతి నన్నడక్కండి.

నేను ఏపీపీగా ఉన్న రోజుల్లో పది కాకముందే కోర్టు కానిస్టేబులు సమన్లు అందిన సాక్షుల్ని ఆవరణలో వేపచెట్టు కింద పోగేసేవాడు. పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంటు చేత పట్టుకుని ఒక్కొక్కరితో మాట్లాడేవాణ్ణి. ‘గొడ్లు తోలుకెళ్తూ చూశావా, తోలుకొస్తూ చూశావా?’ అని అడిగితే ఏ ముసలాయనో తలగోక్కుని, ‘వస్తూనే బాబూ, పొద్దుగుంకుతోంది’ అనేవాడు. అవతలి వకీలు క్రాసులో పట్టుకునేది సరిగ్గా అక్కడే. వెళ్తూ చూస్తే ఎండలో చూసినట్టు, వస్తూ చూస్తే మసకలో చూసినట్టు. ముద్దాయి మొహం ఆనవాలు పట్టాడంటే నమ్మాలా వద్దా అన్నది ఆ ఒక్క మాట మీద ఉంటుంది. ఆ పావుగంట చెట్టు కింద నిలబడితే సాక్షి తడబడేవాడు కాదు, వాయిదా పడేది కాదు, మా సాయంత్రం మాకు మిగిలేది. ఇప్పుడేముంది? సమన్లు ఫోన్లో, సాక్ష్యం తెర మీద, రాత్రి పదకొండుకి ‘సార్, రేపటి మెమో’ అంటూ వాట్సాపులో ఎస్సై గారు. సాక్షి మొహం కోర్టు హాల్లోనే మొదటిసారి చూస్తే వాడు అడ్డం తిరక్క ఏం చేస్తాడు?

పైగా క్రిమినల్ చట్టాల సెక్షన్లు మార్చిపారేశారు. 2024 జూలై 1తో 302 కాస్తా 103 అయింది, 420 పోయి 318 అయింది, నా 161 ఇప్పుడు 180 అట. జీవితమంతా నోటికొచ్చిన అంకెలు ఒక్క రోజులో పనికిరాకుండా పోతే కడుపు మండదా? మీకేం, మొదటిసారే ఇవే చదువుతున్నారు.

సరే, అసలు ప్రశ్నకొస్తాను. గవర్నమెంట్ ప్లీడరు, ఏపీపీ ఒకటే అనుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళే ఎక్కువ. ప్లీడరుగిరీ ఉద్యోగం కాదు, నియామకం. మామూలుగా మూడేళ్ళ గడువు, జీతం బదులు గౌరవ వేతనం, గవర్నమెంటు మారితే కుర్చీ ఉంటుందన్న భరోసా లేదు. హైకోర్టులో రెవెన్యూ, హోం, సర్వీసెస్ అని శాఖలు పంచిస్తారు. ఏ కలెక్టరాఫీసు నుంచో పేరావారీ రిమార్కులు రాక కౌంటరు వెయ్యలేకపోతే జడ్జిగారి చివాట్లు మీకే, కోర్టు ధిక్కారం నోటీసొస్తే ఆ అర్ధరాత్రి ఫోనూ మీకే. సాయంత్రాలు కావాలనేవాడు అటు చూడకూడదు.

ఏపీపీ అలా కాదు. పోలీసు నియామక మండలి పరీక్ష పెట్టి తీసుకునే పక్కా సర్కారు కొలువు. జీతం, ఇంక్రిమెంట్లు, ప్రమోషను అన్నీ ఉంటాయి. తెలంగాణలో 2025లో 118 పోస్టులకి పిలిచారు. క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్నది షరతు. దాన్ని అడ్డంకి అని విసుక్కుంటారేం? సివిల్ జడ్జి పరీక్షకి కూడా మూడేళ్ళ ప్రాక్టీసు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్ళీ చెప్పింది. ఈ ఒక్క విషయంలో లోకం వెనక్కి తిరిగి మా దారికొచ్చింది, నాకెంత సంతోషమో!

అలాగని ఏపీపీకి తీరికే తీరిక అనుకోకండి. సివిల్ కోర్టులకి మే నెలంతా సెలవులు, మెజిస్ట్రేటు కోర్టు నడుస్తూనే ఉంటుంది. అరెస్టు చేసినవాణ్ణి ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి గనక ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నా రిమాండు కబురు రావచ్చు. మా రోజుల్లోనూ వచ్చేది. కాకపోతే కబురు తెచ్చిన కానిస్టేబులు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మేం చెయ్యి కడుక్కునేదాకా ఆగేవాడు.

అందుకని చెప్పేది వినండి. ముందు ఒక మంచి క్రిమినల్ సీనియరు దగ్గర మూడేళ్ళు కట్టలు మొయ్యండి. తరవాత ఏపీపీకి రాయండి. పోస్టింగు వచ్చాక ఊరు పెద్దదా చిన్నదా, ఇంటికి ఎంత దూరం అని కాదు, మీ కోర్టు కాక ఇంకెన్ని కోర్టులకి ఇన్‌చార్జి అంటగడుతున్నారో ముందు కనుక్కోండి. ఒక్క కోర్టు ఉన్నవాడు వెలుగుండగా ఇల్లు చేరతాడు. మూడు కోర్టులు ఉన్నవాడు చేరడు.