మా వంతు ఒక్కడే

దేశంలో ఎవరి ముఖ్యమంత్రి వాళ్లకుంటాడు. హోప్ టౌన్‌లో ఉండే మాకు రాష్ట్రపతే ముఖ్యమంత్రి, రాష్ట్రపతే శాసనసభ. గొప్పలకు చెప్పడం లేదు, రాజ్యాంగంలోనే ఉంది. 239వ అధికరణం ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల పాలన రాష్ట్రపతిది; లెఫ్టినెంట్ గవర్నరు వారి తరఫు మనిషి. 240వ అధికరణం ప్రకారం మా శాంతికీ ప్రగతికీ సుపరిపాలనకూ కావలసిన నిబంధనలు రాష్ట్రపతి చేయవచ్చు. వాటికి పార్లమెంటు చట్టమంత బలం. మా వరకు పార్లమెంటు చేసిన చట్టాన్నే రద్దు చేసేంత బలం. శ్రీకాకుళంలో కాలువ పూడితే జనం ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటారు. పంచాయతీ పలకకపోతే మేం కూర్చోవలసింది ఢిల్లీలో రాష్ట్రపతి ఉండే రైసినా కొండ మీద. మధ్యలో బంగాళాఖాతం ఉంది కాబట్టి ఊరుకుంటున్నాం.

ఇంత దగ్గరి పెద్దను ఎన్నుకునేటప్పుడు మమ్మల్ని ఎంతమాత్రం అడుగుతారు?

దేశాన్ని ఏలేవారి విషయంలో హోప్ టౌన్ కలగజేసుకున్నది చరిత్రలో ఒక్కసారే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో మౌంట్ హారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక మా జెట్టీ దగ్గర పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. ఆ పద్ధతిని ఈ కాలమ్ సమర్థించదు. తర్వాతి ముచ్చట మాత్రం చెప్పుకోవాలి. వెంటనే స్ట్రాచీ తాత్కాలికంగా కూర్చున్నాడు, ఆపైన మద్రాసు గవర్నరు నేపియర్ వచ్చాడు, ఆనక లండన్ నుంచి నార్త్‌బ్రూక్ దిగాడు. ఒక్క కేసు లేదు, ఒక్క రీకౌంటింగ్ లేదు. ఎన్నికే లేని చోట వివాదం ఎక్కడిది?

ఇప్పుడు ఎన్నిక ఉంది. ఓటు వేసేది పార్లమెంటుకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులు. ఢిల్లీని, పుదుచ్చేరిని 1992లో 70వ సవరణతో పంక్తిలో కూర్చోబెట్టారు. మాకు శాసనసభ లేదు, రాజ్యసభ సీటు లేదు. లోక్‌సభ సీటు ఒకటి. కాబట్టి దీవులన్నీ జల్లెడ పట్టినా రాష్ట్రపతి ఎన్నికలో ఓటున్న మనిషి ఒక్కడే దొరుకుతాడు.

“అందరి ఓటూ ఒకటే కదేటి బావా?” అని టీ కొట్టు దగ్గర మా బావమరిది అడిగాడు. వాడి తాత టెక్కలి వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఒకటి కాదు. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ. 2022లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, సిక్కిం ఎమ్మెల్యేది 7. జనాభా లెక్క మాత్రం 1971 నాటిది. పిల్లల్ని తక్కువగా కన్న రాష్ట్రాలు నష్టపోకూడదని అక్కడ గడియారం ఆపేశారు. రాష్ట్రపతి ఎన్నికకు సంబంధించినంతవరకు ఈ దేశంలో 1971 తర్వాత ఎవరూ పుట్టలేదు. ఈ కాలమ్ చదువుతున్నవాళ్లలో సగం మంది లేరు. మా బావమరిది అసలే లేడు.

మాకూ శాసనసభ కావాలని అప్పుడప్పుడూ గొంతులు లేస్తుంటాయి. వచ్చిందనే అనుకుందాం. పుదుచ్చేరికి ఉన్నట్టు 30 సీట్లు ఇచ్చారనుకుందాం. 1971లో మా జనాభా 1,15,133. లెక్క కడితే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 4. సభ మొత్తానికి, స్పీకరుతో సహా, 120. తెలంగాణలో ఒక ఎమ్మెల్యే తుమ్మితే 132. బావమరిది టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఊరట ఏమిటంటే ఎంపీ ఓటు. ఎమ్మెల్యేలందరి విలువ కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే 2022లో వచ్చింది 700. వారణాసి ఎంపీకీ 700, మా ఎంపీకీ 700. అదే ఎన్నికలో 15 మంది ఎంపీలు, 38 మంది ఎమ్మెల్యేలు చెల్లని ఓట్లు వేశారు. ఎన్నికల సంఘం ఊదారంగు సిరా పెన్ను చేతికిచ్చి, ఎంపీలకు ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేలకు గులాబీ కాగితం ఇచ్చి, అంకె వేయమంటే అదీ సంగతి. మాకు ఉన్నదే ఒకటి. 15 గాలికి పోయాయి.

ఆ ఒక్కటైనా మొదటి నుంచీ లేదు. 1967 దాకా మా ఎంపీని ఎన్నుకున్నది మేం కాదు, రాష్ట్రపతి. మొదటి లోక్‌సభకు నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను అలాగే నామినేట్ చేశారు. నామినేటెడ్ సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు. అంటే రాష్ట్రపతి మా ఎంపీని ఎంచుకోవచ్చు, మా ఎంపీ మాత్రం రాష్ట్రపతిని ఎంచుకోకూడదు. 1952, 1957, 1962 ఎన్నికలు మూడూ మాకు తెలియకుండానే జరిగిపోయాయి.

1967లో తొలిసారి ఎంపీని గెలిపించుకున్నాం. ఆ మే నెలలోనే రాష్ట్రపతి ఎన్నిక. చూస్తే బరిలో మన రాజమండ్రి మనిషి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలేసి వచ్చిన కోకా సుబ్బారావు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. మొత్తం 17 మంది నిలబడితే 9 మందికి గుండు సున్నా. వాళ్లూ మేమూ ఒకే గోత్రం.

అసలు తిరణాల 1969లో. జాకిర్ హుస్సేన్ పదవిలోనే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి రాజీనామా చేసి స్వతంత్రుడిగా దిగారు. కాంగ్రెస్ పార్టీ నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. గిరిది బరంపురం తెలుగు కుటుంబం, రెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. తెలుగువాడి మీద తెలుగువాడే. నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరా గాంధీయే, తీరా పోలింగ్ ముందు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. అంతకుముందు అంతరాత్మ ఉన్నట్టే తెలియని సభ్యులకు ఆగస్టు 16న హఠాత్తుగా అది పలికింది. రాష్ట్రపతి ఎన్నికలో విప్ లేదు, ఓటు రహస్యం, కాబట్టి అంతరాత్మలకు అనుకూలమైన వాతావరణం.

మొదటి ప్రాధాన్యం లెక్కిస్తే గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ అన్ని లేవు. అప్పుడు అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కర్నీ తీసేస్తూ వాళ్ల కాగితాల మీద ‘2’ ఎవరికి వేశారో చూస్తూ పోయారు. దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువగా రెడ్డికే వెళ్లాయి, అయినా సరిపోలేదు. గిరి 4,20,077తో గట్టెక్కారు. మూడు నెలలకు కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

ఓడినవాళ్లు ఊరుకోలేదు. సంజీవరెడ్డి నడవడిపై బురద చల్లుతూ పార్లమెంటు సెంట్రల్ హాల్లో కరపత్రం పంచారని సుప్రీంకోర్టులో కేసు. టేపు రికార్డులు మోగాయి. రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉండగా ఆ పని చేసిన రాష్ట్రపతి అప్పటికి ఇంకొకరు లేరు. చివరికి 1970లో కేసు కొట్టేశారు, ఆ కరపత్రం పాపం గిరికి అంటదన్నారు. ఇక 1977లో సంజీవరెడ్డి మళ్లీ వచ్చారు. 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 పోయి ఆయన ఒక్కరే మిగిలారు, ఏకగ్రీవం. ఆ విడత మా ఎంపీ పెన్ను మూత కూడా తీయలేదు.

బయటి దేశాల సంగతి ఏమంత గొప్పగా లేదు. 2000లో అమెరికా అంతటా ఐదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న అల్ గోర్, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో, సుప్రీంకోర్టులో 5–4 తేడాతో ఇంటికి వెళ్లాడు. మలావీలో 2019 ఎన్నికను కోర్టు రద్దు చేసింది: ఫలితాల పత్రాల మీద తెల్ల సిరా పూసి అంకెలు దిద్దారట. నాకు నచ్చింది గ్వామ్ దీవి. అమెరికా పౌరులే, అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. అయినా 1980 నుంచి ఎన్నికల రోజున వాళ్లంతట వాళ్లు ఉత్తుత్తి పోలింగ్ పెట్టుకుని ఓట్లు లెక్కపెట్టుకుంటారు. ఎవరూ పట్టించుకోరు, ఎవరూ కోర్టుకు వెళ్లరు. ప్రపంచంలో వివాదం లేని అధ్యక్ష ఎన్నిక బహుశా అదే.

మాకు వివాదపడే యోగం కూడా లేదు. ఊసుపోని అభ్యర్థులూ ఊసుపోని కేసులూ ఎక్కువయ్యాయని 1974లో ఒకసారి, 1997లో మరోసారి నిబంధనలు బిగించారు. ఇప్పుడు పోటీ చేయాలంటే 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి, రూ.15,000 డిపాజిట్ కట్టాలి. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే అభ్యర్థి అయినా అయి ఉండాలి, లేదా 20 మంది ఓటర్లు కలిసి సంతకాలు పెట్టాలి. మా దగ్గర ఉన్నది ఒకరు. అలగడానికి ఇంకా 19 మంది తక్కువ.

“మన ఊరి వాళ్లని అడగొచ్చు గదా బావా” అన్నాడు బావమరిది. మన ఊరు అంటే వాడి దృష్టిలో ఇప్పటికీ మెయిన్‌ల్యాండే. లెక్క చూశాను. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో 10 మంది ఎమ్మెల్యేలు, ఉమ్మడి విజయనగరంలో 9 మంది. సరిగ్గా 19. రాష్ట్రపతి ఎన్నిక మళ్లీ 2027లో. ఆ రెండు జిల్లాల పాఠకులకు మనవి: మీ తాతల కాలంలో మీ ఊళ్ల నుంచి ఓడెక్కి ఇటు వచ్చినవాళ్ల పిల్లలం. మీ ఎమ్మెల్యేగారు ఈసారి మీ ఊరికి వచ్చినప్పుడు, అండమాన్‌లో మనవాళ్లు ఒక సంతకం అడుగుతున్నారని ఓ మాట చెవిన వేయండి.