అప్పగింతలు

విశాఖపట్నంలో పది రోజులు ఉండి రావాలని నా భార్య అడగబట్టి పదేళ్లు. ఇద్దరం సర్కారు బడి పంతుళ్లమే, ఇద్దరం రిటైరయ్యాం. పింఛను ఇల్లు గడవడానికి చాలుతుంది కానీ సముద్రం పక్కన గది అద్దెకు చాలదు. గదికి రోజుకు రెండున్నర వేలు, రెండు పూటలా హోటలు భోజనం, ఆటోలు అంటూ లెక్క వేయడం, ఆ కాగితం మడిచి అల్మారాలో పెట్టేయడం ప్రతి వేసవిలోనూ జరిగేదే.

దారి చూపించింది ఒక విశాఖ మాస్టారు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదులో జరిగిన శిక్షణ తరగతుల్లో ఇద్దరిదీ ఒకే గది. ఆ స్నేహం ఫోన్లలో నిలబడింది. నిరుడు చలికాలం మొదట్లో ఆయనే అడిగారు: "మాస్టారూ, మా ఆవిడ రామప్ప చూడాలంటోంది. మేము మీ ఇంటికి వస్తాం, మీరు మా ఇంటికి రండి. ఇద్దరికీ గది అద్దె మిగులుతుంది. వంటిల్లు ఉంటుంది గనక తిండి ఖర్చూ ఇంట్లో తిన్నంతే."

మొదట మనసొప్పలేదు. చుట్టం ఇంటికి వెళ్తే చుట్టం ఎదురొస్తాడు. మేడారం జాతరప్పుడు మా వరంగల్ ఇళ్లన్నీ చుట్టాలతో నిండిపోవడం మాకు తెలుసు. ఇంటివాళ్లు లేని ఇంట్లో పొయ్యి వెలిగించడం మాత్రం తెలియదు. తర్వాత చదివితే తెలిసింది, ఇలా ఇళ్లు మార్చుకుని ప్రయాణాలు చేయడాన్ని 1953లో యూరప్‌లో ఒక పద్ధతిగా నడిపించినవాళ్లు కూడా బడి పంతుళ్లేనట. సెలవులు ఎక్కువ, జీతాలు తక్కువ. ఆ మాట చదవగానే నాకు ధైర్యం వచ్చింది. డబ్బున్నవాళ్లకే లోకం చూసే రాత ఉండాలా? ఉన్న ఒక్క ఇల్లే మనకు బస కూడా కావచ్చు.

చిక్కల్లా అమ్మతోనే వచ్చింది. అమ్మకు ఎనభై రెండేళ్లు. ఆ పది రోజులు చెల్లెలి ఇంట్లో ఉంటుందనుకున్నాం. బయలుదేరే వారం ముందు "ఈ ఇల్లు ఇడిచి నేనేడికీ రాను" అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. ప్రయాణం మానుకుందామని ఫోన్ చేస్తే మాస్టారి భార్య ఒప్పుకోలేదు. "పెద్దమ్మగారు ఉంటే ఇంకా మంచిది అన్నయ్యగారూ. ఖాళీ ఇంట్లో మాకు మాత్రం ఏం తోస్తుంది?" అంది. చెల్లెలు రోజూ వచ్చి చూసి వెళ్తానంది. సరే అన్నాను.

ఇల్లు అప్పగించడానికి నాలుగు పేజీలు రాశాను. మోటారు ఎప్పుడు వేయాలి, ఇన్వర్టర్‌లో నీళ్లు ఎంతవరకు పోయాలి, రెండో గ్యాస్ బండ ఎక్కడుంది, చెత్త బండి ఎన్నింటికి వస్తుంది, అన్నీ రాశాను. కోతులు వస్తాయి, వెనక తలుపు తీసి ఉంచవద్దని కింద గీత గీశాను. ఒక పేజీ నిండా ఊరు గురించే: వేయిస్తంభాల గుడి రుద్రదేవుడు 1163లో కట్టించింది, పొద్దున్నే వెళ్లండి, కోటలో నాలుగు తోరణాల మధ్య నిలబడి చూడండి, భద్రకాళి చెరువు గట్టుకు సాయంత్రం వెళ్లండి. రామప్పకు మాత్రం పూర్తిగా ఒక రోజు పెట్టుకోండి. డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఎత్తిన గుడి అది. పునాదిలో ఇసుక, శిఖరంలో నీళ్ల మీద తేలే ఇటుక. 2021 జూలై 25న యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

చివరి పేజీలో అడుగున ఒక్క వరస: "అమ్మకు పొద్దున బీపీ మాత్ర, రెండు పూటలా షుగరు మాత్ర."

గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్‌లో ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. వాళ్లూ అదే రాత్రి అటునుంచి బయలుదేరారు. రెండు గోదావరులూ చీకట్లో ఎక్కడో ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. మాస్టారి ఇల్లు రెండు గదులదే, కానీ డాబా ఎక్కితే సముద్రం. నా భార్య మొదటి రోజంతా వంట సంగతి మరిచి అక్కడే కూర్చుంది. సింహాచలం వెళ్లాం. బీచ్ ఒడ్డున కురుసుర జలాంతర్గామిలోకి వంగి నడిచాం. 2001లో నౌకాదళం నుంచి విశ్రాంతి తీసుకుని, ఆ మరుసటి ఏడే మ్యూజియమైంది అది. అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా నా భార్య చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. పది రోజులకు రైలు టికెట్లతో కలిపి, మునుపటి లెక్కలో ఒక్క గది అద్దెకు వేసుకున్నదాంట్లో సగం కూడా కాలేదు.

నాకు వింతగా తోచింది ఒక్కటే. రాత్రి ఫోన్ చేస్తే అమ్మ మాట్లాడేది! ఇంట్లో ఏది అడిగినా చిన్నగా నవ్వి ఊరుకునే మనిషి. వయసు మీద పడి మాట తగ్గిందనుకున్నాం, మేమూ తగ్గించాం. ఇప్పుడు ఫోన్‌లో ప్రతి మాటకూ బదులు చెప్తోంది. దూరమైతే ప్రేమ పెరుగుతుందేమో అనుకున్నాను.

ఆరో రోజు రాత్రి అరగంట వదల్లేదు. వాళ్లతో రామప్పకు పోయివచ్చిందట. అమ్మ పుట్టింది ఆ గుడి ఉన్న పాలంపేట పక్క పల్లెలోనే. రామప్ప చెరువు కింద తాతయ్యకు రెండు మళ్లు ఉండేవి. యునెస్కో గుర్తింపు వచ్చిన నాడే తీసుకుపోతానని మాటిచ్చాను. ఎండలనీ, వానలనీ, మోకాళ్లనీ వాయిదా వేస్తూ వచ్చాను. "పైకప్పు కింద నల్లరాతి మదనికల బొమ్మలు అట్లనే ఉన్నయి కొడుకా. మా నాయిన నన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని చూపిచ్చిండు. కట్ట మీద జరసేపు కూసున్నం. ఈ బిడ్డ నా చెయ్యి ఇడువలే" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు డాబా మీదే ఉండిపోయాను.

మేము తెల్లవారుజామున దిగేసరికి వాళ్లు ముందు సాయంత్రమే రైలెక్కారు. రాత్రికి చెల్లెలు వచ్చి పడుకుంది. ఇల్లు అద్దంలా ఉంది. అంతా ఉన్నచోటే ఉంది, ఒక్క అమ్మ మంచం తప్ప. ఎన్నో ఏళ్లుగా కుడిపక్క గోడకు ఆనించి ఉండే మంచం ఎదుటి గోడకు జరిగి ఉంది. ఎందుకు జరిపారో అర్థం కాలేదు.

బల్ల మీద నా నాలుగు పేజీలూ ఉన్నాయి. చివరి పేజీ వెనక మాస్టారి భార్య చేతిరాత.

"అన్నయ్యగారూ, ఇల్లు ఎలా ఇచ్చారో అలాగే అప్పగిస్తున్నాం. మీరు రాయడం మరిచినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పెద్దమ్మగారికి రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, చీకట్లో లేవడానికి భయపడతారు, నడవాలో దీపం ఉంచండి. పచ్చిపులుసు ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తింటారు. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. రెండేళ్లయిందట. చెబితే ఆస్పత్రుల చుట్టూ తిరగాలి, మీకు ఖర్చని ఊరుకున్నారట. గోడ కుడివైపు ఉండటంతో ఎవరొచ్చినా ఎడమపక్కే కూర్చుంటున్నారు. అందుకే మంచం ఇటు జరిపాం. ఇకమీదట కుడిపక్క కూర్చోండి."

రెండేళ్లు రోజూ పొద్దున నేను కుర్చీ వేసుకున్నది ఆ ఎడమ పక్కనే.

అమ్మ అప్పుడే లేచి కూర్చుంది. కుర్చీ తీసుకెళ్లి కుడివైపు వేశాను. గొంతు పెంచకుండానే అడిగాను.

"అమ్మా, ఎట్లున్నవే?"

వెంటనే తల తిప్పింది. ముఖం వెలిగింది. నా చెయ్యి పట్టుకుని నిమిరింది.

"మంచిగున్న కొడుకా. మీరు మళ్ల ఎప్పుడు పోతరు?"