ఓడెక్కిన ఆర్టిస్టు

మా వైపు ఆర్టిస్టు ఎట్లా ఉంటాడో కొత్తగా చెప్పనక్కర్లేదు. జనగామలో ఒకడుంటాడు, మానుకోటలో ఒకడుంటాడు, భూపాలపల్లిలో బొగ్గుబాయి షిఫ్టు దిగి సాయంత్రం బ్రష్షు పట్టేవాడొకడుంటాడు. అందరూ ఒకే అచ్చు. మాసిన గడ్డం, భుజాన గుడ్డసంచి, చొక్కా మీద ఎండిపోయిన ఎర్ర ఎనామెల్ మరక. రాసింది ఎరువుల దుకాణం బోర్డే అయినా, కింది మూలన సంతకం మాత్రం రవివర్మకు తగ్గదు. ఫ్లెక్సీలొచ్చి గిరాకీ పోయింది గానీ దర్జా పోలేదు. గిరాకీ తగ్గినకొద్దీ దర్జా పెరిగింది కూడా.

నేను చెప్పేది జనగామ ఆయన సంగతి. "పెంబర్తి ఇత్తడి పనికి దేశమంత గుర్తింపు, జీఐ ట్యాగు. పక్కూర్లె ఉన్న నాకు ఇంట్లనే గుర్తింపు లేదు" అని ఆయన నిత్య ఫిర్యాదు. ఆయన భార్య జాకెట్లు కుట్టి, చిట్టీ కట్టి ఇల్లు నడుపుతుంది. తోట వైకుంఠం తెలంగాణ ఆడవాళ్లను ఎంత గొప్పగా గీస్తారో ఆయన వివరించబోతే ఒక్క మాటతో ఆపేసింది: "ఆయన బొమ్మల ఆడోళ్ల మీద నగలుంటయ్. నా పుస్తెలతాడు కుదవవెట్టి నువ్వు రంగుడబ్బలు తెచ్చినవ్."

పేచీ ముదిరితే పెద్దమనుషులు కూర్చుని, ఇద్దరూ కలిసి ఎటన్నా పోయి రమ్మన్నారు. వాళ్ల మనసులో ఉన్నది కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసేచోట మునిగి, ముక్తీశ్వరుడికి దండం పెట్టి, రాత్రికల్లా ఇల్లు చేరొచ్చు. ఆర్టిస్టు ఒప్పుకోలేదు. సముద్రం చూడాలట. అదీ వానాకాలంలోనే చూడాలట, "తుఫాను రంగు" పట్టుకోవాలట. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ. రెండు రోజులు దాటే ప్రయాణం, బంక్ క్లాసు టికెట్లు. డబ్బు ఆమె చిట్టీది. అది చెప్పాలా?

ఓడలో కడుపు తిప్పకుండా ఆమె అవోమిన్ గోళీ ఇయ్యబోతే వద్దన్నాడు. అనుభవం పలచబడుతుందట.

ఓడలో కడుపు తిప్పడానికి కారణం ఉంది. గది కదలడం లేదని కన్ను అంటుంది, ఊగుతోందని లోపలి చెవి అంటుంది. ఇద్దరి పేచీలో కడుపు నలుగుతుంది. పైకెక్కి దూరాన నీళ్లూ మబ్బూ కలిసే గీతను చూస్తే కొంత నయం. లోపల కూర్చుని దగ్గరగా చదివినా, గీసినా ఇక అంతే సంగతులు. ఆమె పైకెళ్లి, రెయిలింగు పట్టుకుని, ఓ శ్రీకాకుళం ఆవిడతో ముచ్చట్లో పడింది. ఈయన కింద బంకు మీద స్కెచ్ పుస్తకం తెరిచాడు.

రెండో పూట ఆమె కిందికొచ్చేసరికి ఈయన కవరులో తల పెట్టి ఉన్నాడు.

"ఏమే, నా మొహం ఏ రంగున్నది?"

"పచ్చగున్నది."

"ఏ పచ్చ? చిలకపచ్చనా, నాచుపచ్చనా?"

"బతికి బట్టగడితె చెప్త. కవర్ సక్కగ వట్టు."

పట్టాడు. కడిగింది ఆమె, తుడిచింది ఆమె. ఓడ ఇంకోసారి ఒరిగి నీళ్లసీసా దొర్లిపోయాక ఆమె ఓపిక అయిపోయింది. "దిగినంక నేను మానుకోట పోత, మా తల్లిగారింటికి. మల్ల రాను" అంది.

"అట్లనే ఉండు, కదలకు. ఆ కోపం మస్తున్నది" అని ఈయన పెన్సిలందుకున్నాడు.

ముక్కు దగ్గర మొదలైన గీత, ఓడ పుణ్యాన, చెవి దాటి కాగితం అంచుకెళ్లింది. ఆమె ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇరవై ఏండ్ల సంది నువ్వు నన్ను సూసింది గిట్లనే" అని పుస్తకం ఒళ్లో పడేసింది. ఈయనకది విమర్శగా వినిపించలేదు. షేడింగ్ తక్కువైందేమోనని అడిగాడు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ, రేవులో దిగగానే వినిపించింది మాత్రం మన తెలుగే. అక్కడ ఉత్తరాంధ్ర వాళ్లు ఏనాడో స్థిరపడ్డారు. ఓడలో పరిచయమైన ఆవిడ తమ్ముడికి టిఫిన్ సెంటరుంది, బోర్డు రాయించాలట. ఆర్టిస్టు కళ్లు మూసుకుని, దోసె వెనకాల అల లేస్తున్నట్టు ఊహించడం మొదలుపెట్టాడు. ఈలోపు ఆమె రేటు మాట్లాడి, అడ్వాన్సు తీసుకుని, కొంగున ముడేసుకుంది.

"మరి మానుకోట?" అన్నాడు భయంభయంగా.

"పోత. టికెట్టుకు పైసలు గావాలె గద, బోర్డు జెప్పన రాయి."