తిన్నగా పోని బండికి టీకా తాత్పర్యం

అవతారిక:

మిరపకాయల సీజను. గురజాల దగ్గరి ఊరి నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) తోలి, ఖాళీ పికప్పుతో తిరిగొస్తున్న ఒక డ్రైవరు పిడుగురాళ్లలో షెడ్డు ముందు ఆగి మేస్త్రీకి మొర పెట్టుకున్న ఘట్టమిది. రసం కరుణ. మేస్త్రీ వైపు నుంచి చూస్తే హాస్యం. శ్రీనాథుడు పలనాటి జొన్నకూటినీ నీటి కరువునీ చాటువుల్లోకి ఎక్కించాడు గాని స్టీరింగు జోలికి రాలేదు కనుక, ఈ ఘట్టానికి పూర్వవ్యాఖ్యలు దొరకవు.

మూలం:

“అలైన్‌మెంటు మొన్ననేగా కొట్టిచ్చా మేస్త్రీ! లోడేస్తే బానే పోద్ది. ఖాళీగా వస్తే మాత్రం రోడ్డంతా దీనిదే.”

“పట్టీలు ఎన్నేశావ్?”

టీక:

అలైన్‌మెంటు మొన్ననేగా కొట్టిచ్చా = డబ్బు వదిలింది, ఇక తప్పు నాది కాదు అని భావం. చాలా షాపుల్లో ఆ పేరుతో సరిచేసేది టో ఒక్కటే. అంటే ముందు చక్రాలు రెండూ ముక్కులు దగ్గరికి పెట్టుకున్నాయా, దూరం జరిగాయా అన్నది. కీళ్లు అరిగిన బండికి టో సరిచేస్తే అది షెడ్డు గేటు దాకానే నిలుస్తుంది.

లోడేస్తే బానే పోద్ది = వాది తనంతట తానే ఇచ్చుకున్న సాక్ష్యం. టై రాడ్ ఎండ్ అరిగి ఉంటే లోడున్నా లేకున్నా బండి ఊగేది. బరువు పడ్డప్పుడు కుదురుకుంటోందంటే లోపం కీలులో కాదు, బండి నిలబడ్డ తీరులో ఉందని ముందు అనుమానించాలి.

ఖాళీగా వస్తే = ఈ వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. వివరణ కింద వస్తుంది.

రోడ్డంతా దీనిదే = అతిశయోక్తి అనుకునేరు; స్వభావోక్తి. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి ఎడమకు జారుతుంది, సర్దితే కుడికి దాటిపోతుంది. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఈ అలంకారాన్ని ఆస్వాదించలేం.

పట్టీలు ఎన్నేశావ్ = ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. పట్టీ అనగా వెనక కమాను కట్టలో అదనంగా ఇరికించిన ఉక్కు రేకు. ఆర్‌సీలో రాసిన దానికన్నా ఎక్కువ బరువెయ్యాలన్నది దాని ప్రయోజనం. ముందు చక్రం మళ్లే అక్షం పైకొస కాస్త వెనక్కి వాలి ఉండాలి. సైకిలు ఫోర్కుకు ఉండే వాలే ఇది. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి అదొక కారణం. వెనక పట్టీలు పెరిగితే ఖాళీ బండి తోక ఎత్తి ముక్కు నేలకు దించుతుంది. దాంతో ఆ అక్షం ముందుకు లేచి, వాలు తగ్గుతుంది. సుమారు 3 మీటర్ల వీల్‌బేసు బండికి వెనక 5 సెంటీమీటర్లు లేస్తే దాదాపు 1 డిగ్రీ పోయినట్టే. మొత్తం వాలే రెండు మూడు డిగ్రీలున్న బండికి అది పెద్ద నష్టం. స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం మానేస్తుంది. లోడు పడగానే తోక దిగుతుంది, వాలు తిరిగొస్తుంది, “బానే పోద్ది”.

పూర్వపక్షం: స్టీరింగు బాక్సు స్క్రూ బిగిస్తే ప్లే (వదులు) పోదా?

ప్లే పోతుంది, దాని వెంట స్టీరింగు కూడా పోతుంది. అతిగా బిగించిన బాక్సు మధ్యలో పట్టేస్తుంది. తిప్పింది తిప్పినట్టే ఉండిపోయి బండి మరింత తూలుతుంది. బాక్సును ముట్టుకోవడం ఆఖరి పని కావాలి. షెడ్లలో ఎక్కువమంది మొదట దాని మీదే స్పానరు పెడతారు, పైనుంచే అందుతుంది కాబట్టి.

పాఠాంతరాలు:

మాచర్ల ప్రతిలో “ఖాళీగా బానే, లోడేస్తేనే తోక ఊపుద్ది” అని ఉంది. అక్కడ మోసేది నాపరాళ్లు. బరువంతా వెనక ఇరుసుకు అవతల పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. వెనక టైర్లలో గాలి తగ్గినా, యూ బోల్టులు వదులై ఇరుసు కమాను మీద జరుగుతున్నా ఇదే పాఠం వినపడుతుంది. ఈ యూ బోల్టుల రోగం ప్రమాదకరం, వెనక చక్రాలే బండిని మళ్లిస్తాయి.

నరసరావుపేట ప్రతిలో “ఊళ్లో బానే ఉంటది, హైవే ఎక్కితేనే ఊగుద్ది”. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పక్కనే ఉన్న ఊరు కదా, వేగం దొరుకుతుంది. టైర్లలో గాలి, టో, వీల్ బేరింగ్ చూడాలి.

సున్నం బస్తాలు తోలేవాళ్లు “తిప్పితే వెనక్కి రాదు” అంటారు. కారణం దుమ్ము పట్టి గ్రీజు ఎండిన కింగ్‌పిన్లు, అంటే ముందు చక్రాలు మళ్లే కీళ్లు. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు, గ్రీజు గన్ను చాలు.

మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు అంతటి నిష్ఠాపరుడు కాడు, బండి కిందికి కూడా దూరుతాడు.

తాత్పర్యం:

బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్లకూ గాలి కొలవండి. ఈ రోగాల్లో కొన్ని అక్కడే నయమవుతాయి. బండి నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద నుంచి చూడాలి; ఏ కీలు ఆలస్యంగా కదిలితే దొంగ అదే. తరువాత చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగో, బాల్ జాయింటో, కింగ్‌పిన్నో మాట్లాడుతుంది. పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్ పలుకుతుంది. అరిగినవి మార్చి, షాకిల్ బుష్షులు చూసి, అన్నిటికీ చివర అలైన్‌మెంటుకు పోవాలి. ఇక మన డ్రైవరు సంగతి: అదనపు పట్టీలు తీసెయ్యడమే మందు. తియ్యనంటే, ముందు కూడా కమాన్లున్న బండికి యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఏటవాలు ముక్క పెట్టి పోయిన వాలు తెప్పించుకోవచ్చు. కానీ పట్టీ వేసినంత మాత్రాన బ్రేకులూ చాసిస్సూ బలపడవు.

పట్టీలు తీసినా వేసినా, యూ బోల్టులు విప్పి బిగించిన బండిని కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ షెడ్డుకు తెచ్చి అవే బోల్టులు ఇంకోసారి బిగించుకోండి.