వజ్రకరూరు సామంతోపాఖ్యానము

ఏరువాక పున్నమి దాటి పది దినములైనను మేఘమన్నది కంటికి కానరాక, విత్తనపు వేరుసెనగ మూటలు పడసాలలో గోడకానుకొని నా వంక చూచుచుండగా, నేను వాటి వంక చూచుచుండగా, ఉభయులకును వేరొక వ్యాపారము లేక ప్రొద్దు గడుచుచున్న సమయమున, బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు మా మేనల్లుడు సెలవు పెట్టి వచ్చి, నా దురవస్థకు జాలిపడి, తన లాప్‌టాపు తెచ్చి నా ముందు తెరచి, "మామా, ఊరికే కూచోని ఆకాశం పక్క చూస్తాంటే వాన రాదు. నీకు ఒగ రాజ్యమిస్తా, ఏలుకో" అనెను. అరువది యేండ్లు దాటినవానికి రాజ్యమిత్తునను వాడు తారసపడుట తరచుగా జరుగునది కాదు. అందులోను అది ఎన్నికల సంవత్సరమైనను కాదు. కావున మరు పలుకు లేక అంగీకరించితిని.

ఆ ఆట పేరు క్రూసేడర్ కింగ్స్. స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోములో పారడాక్స్ అను సంస్థ వారు దీనిని నిర్మించిరి. 2012లో వెలువడిన రెండవ అవతారములో మొదట మన దేశమునకు చోటే లేదట. 2014లో గాని హిందూదేశపు రాజులపై వారికి దయ కలుగలేదు. నాకు ప్రాప్తించినది 2020లో వచ్చిన మూడవ అవతారము. ఇందు క్రీస్తుశకము 867వ సంవత్సరమున గాని 1066వ సంవత్సరమున గాని సింహాసనమెక్కి, పెండ్లిండ్లు చేసికొనుచు, యుద్ధములు చేయుచు, విషప్రయోగములు చేయించుచు, తాను చచ్చిన పిమ్మట కొడుకై, కొడుకు చచ్చిన పిమ్మట మనుమడై, కొన్ని శతాబ్దములు ఏలవచ్చును. చక్రవర్తిగా మొదలు పెట్టుదునంటిని. మేనల్లుడు ఒప్పుకొనలేదు.

"పెద్ద రాజైతే మజా ఏముంది మామా? అందరూ వాళ్ళే వచ్చి కాళ్ళ మింద పడతారు. చిన్నోడుగా మొదలుపెట్టల్ల. పైనోనికి దండాలు పెట్టుకుంటా, పక్కోని భూమి నూక్కుంటా పైకి రావల్ల."

ఈ ఉపదేశములో ఏ భాగమును నాకు నూతనముగా తోచలేదు. మండల రాజకీయములను ముప్పది యేండ్లుగా అరుగుమీద కూర్చుండి చూచుచున్నవాడను.

పటములో దక్షిణాపథమున మా సీమకు చేరువగా నొక చిన్న మండలమును ఏరుకొని, మనసులో దానికి నొలంబవాడి యని పేరు పెట్టుకొంటిని. ఈ పేరు నేను కల్పించినది కాదు. మడకశిర దగ్గరి హేమావతి నేడు బస్సు దిగి నడువవలసిన పల్లెటూరే గాని, వేయి యేండ్ల క్రిందట హెంజేరు అను పేరుతో నొలంబ పల్లవులకు రాజధాని. నొలంబవాడి ముప్పదిరెండు వేలని శాసనములలో ఘనముగా చెప్పుకొన్నను, వారి బ్రతుకు సామంతుల బ్రతుకే: గంగరాజులకు లోబడి, ఆ గంగరాజులు ఎవరికి లోబడుదురో ఆ రాష్ట్రకూటులకు కూడ లోబడి, అవకాశము చిక్కినప్పుడు అందరి మీదను తిరుగబడి, చిక్కనప్పుడు అందరికిని పిల్లనిచ్చి కాలము వెళ్ళబుచ్చిరి. ఆటలో 867 నాటికి మాన్యఖేటమున రాష్ట్రకూట అమోఘవర్షుడే ఉన్నాడు. తుదకు పదవ శతాబ్దిలో గంగరాజు మారసింహుడు నొలంబులను మర్దించి నొలంబకులాంతకుడని బిరుదు ధరించెను. బిరుదు సంపాదించుటకు ఒక వంశమునే తుదముట్టింపవలసి వచ్చిన కాలమది. నేడు ఒక ఫ్లెక్సీ వేయించినచో ఏ పాపమెరుగని కుర్రవాడైనను సింహము పక్కన నిలిచి పులియగును.

నేను హేమావతి చూచితిని. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపమున గాక కూర్చున్న మనుష్యరూపమున నుండును. ఆ నల్లరాతి స్తంభములను అరచేత తడిమినచో, చెక్కిన గీత యొక్కొక్కటియు వ్రేలి కొసకు వేరువేరుగా తగులును. వెండి కుంచమును తడిమినట్లుండును. ఇట్టి స్తంభములనే కొన్నింటిని చోళులు పెకలించి కావేరి యొడ్డునకు మోయించుకొని పోయిరి. మనవారు ఏటేట పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు పోయి త్యాగరాజస్వామి సన్నిధిని పంచరత్నములు పాడి, పనిలో పనిగా అచటి పంచనదీశ్వరుని కొలిచి వత్తురు గాని, ఆ గుడిలో తాము వీపానించి కూర్చున్న కంబము మన సీమదేమో యని ఒక్కరైనను వెనుదిరిగి చూచినట్లు వినలేదు. సామంతుని సొమ్ము చివరకెవరి ముంగిట తేలునో చెప్పుటకు ఆ స్తంభములే చాలును.

ఇక నా పరిపాలన. మంత్రి, దండనాయకుడు, కోశాధికారి, వేగులవాడు, పురోహితుడు, ఈ యైదుగురు నా సభ. పొరుగు మండలము మీద దండెత్తవలెనన్న ఊరక దండెత్తరాదు, హక్కు చూపవలెనట. హక్కు లేకున్న పురోహితుని పిలిచి సృష్టింపుమన్న చాలును. అతడు నెలల తరబడి తాళపత్రములు తిరుగవేసి, కొంత బంగారము పుచ్చుకొని, ఆ భూమి మీ ముత్తాతదే యని పత్రము చేతిలో పెట్టును. మేనల్లుడు దీనిని చూపి "ఎట్లుండాది మామా?" అని తానే కనిపెట్టినంత గర్వముగా అడిగెను. మా వైపు ఇదే పనిని ఒక జిరాక్సు అంగడి, ఒక పాత స్టాంపు కాగితము, పలుకుబడి గల ఒక బావమరిది కలిసి ఒక్క మధ్యాహ్నములో ముగింతురనియు, స్వీడను వారికి అన్ని నెలలు పట్టుట వారి వెనుకబాటుతనమే యనియు వానికి నచ్చజెప్పితిని.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది వేరొకటి. ఈ యాటలో ప్రభువునకు మనోవ్యధ యను లెక్క కలదు. దయాళువైన రాజు బందీ తల తీయించినను, సత్యసంధుడైన రాజు బొంకినను, ఆ వ్యధ యంతకంతకు పెరిగి, గీటు దాటినప్పుడు అతడు తాగుబోతగుటయో, మతి చలించుటయో జరుగును. నేనొక పర్యాయము చేసిన బాస తప్పగా నా రాజునకు రెండు సంవత్సరములు నిద్ర పట్టలేదు. మా ప్రాంతమున చిన్నవారు పెద్దవారు కలిపి ఎందరో పాలకులను చూచితిని. బాస తప్పినందులకు నిద్ర చెడిన వానిని మాత్రము చూడలేదు. ఈ యంశమొక్కటి సవరింపుడని స్టాక్‌హోమునకు జాబు వ్రాయవలె ననుకొంటిని.

ఇట్లు మూడు దినములు ఏలిన పిమ్మట ఒక లోపము కనిపెట్టితిని. నా ఖజానాకు నెలనెలా తప్పక బంగారము వచ్చుచుండెను. "వీనికి ఇది ఎక్కడిదప్పా?" అని అడిగితిని.

"భూమి నుంచి వచ్చాది మామా."

"వాన రాకుంటే?"

మేనల్లుడు తెరను అటునిటు త్రిప్పి చూచి, "వానా? దాన్ని ఎవురూ అడగరే!" అనెను.

నేనాడినంత మేర నా రాజ్యమున ఒక్క చినుకు పడినట్లు గాని, పడవలసినది పడనట్లు గాని ఎచ్చటను కనబడలేదు. శత్రువులు, దాయాదులు, అసంతుష్టులైన బావమరదులు, అందరు కలరు, ఆకాశము లేదు. మా అనంతపురము జిల్లాకు ఏటికి 550 మిల్లీమీటర్ల వానయని లెక్క; ఆ లెక్కయైనను కురిసిన యేండ్లను కురవని యేండ్లను కలిపి సగటు తీసినది గనుక, ఏ యేటి రైతునకును నికరముగా అందినది కాదు. ఇట్టి భూమిపై నెలనెలా బంగారము పండించిన స్వీడను వారిని మా వ్యవసాయశాఖ సలహాదారులుగా పిలిపింపదగును.

ఆటలో చిన్న ప్రభువులు కత్తికో విషమునకో చత్తురు. మా నేలమీద వారి చావు వేరు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ధారపోయగా, దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన టామస్ మన్రో, అనంతపురమున కూర్చుండి 1807 వరకు పాలించి, కోటలు కావలి రుసుములు బంట్రోతు సైన్యములు గల 80 మంది పాళెగాండ్ర లెక్కలు తిరుగవేసెను. అవసరమైన చోట పటాలమును పంపెను గాని, అతని అసలు ఆయుధము కిస్తు. కట్టిన వానిని కట్టినంత కాలము ఉండనిచ్చెను, కట్టనివానిని వెళ్ళగొట్టెను, మిగిలిన వానికి పింఛనిచ్చి కూర్చుండబెట్టెను. ఎనిమిది తరముల మీసము నెలజీతపు రసీదు మీద వ్రేలిముద్రయై ముగిసెను. ఆ మన్రోయే 1827లో మాకు ఉత్తరముననున్న పత్తికొండలో కలరా సోకి మరణించెను; ఆ తెగులు మాత్రము ఏ కిస్తునకును లొంగినది కాదు.

పాళెగాండ్రను తొలగించి మన్రో భూమిని నేరుగా రైతు పేర పట్టా చేయు పద్ధతిని నిలిపెను. ఎనుబదిమంది చిన్న రాజులు పోగా లెక్కకు మిక్కిలియైన మరీ చిన్న రాజులు పుట్టిరి. వారిలో నేనొకడను. నా రాజ్యము ఏడెకరముల ఎఱ్ఱనేల. నా సైన్యము రెండెద్దులు, వాటిని మొన్నటి కరువులో సంతకు తోలితిని. నా చక్రవర్తి ఆకాశము. ఆ చక్రవర్తి 1876లో, ధాత సంవత్సరమున, ముఖము చాటుచేసినప్పుడు, కరువు పనికి పోయి రాళ్ళు కొట్టిన పెద్దవానికి సర్కారువారు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణా పైకమును చాలునని తేల్చిరి. ఆ లెక్క కట్టిన దొర టెంపుల్‌కు మనోవ్యధ కలిగినట్లు చరిత్రలో కానరాదు.

వాన పడినను మాకు సుఖమని తలపవలదు. తొలకరి ఒక్క జల్లు మన్ను కడిగిన మరునాడే మా వజ్రకరూరు పొలములలో వజ్రాన్వేషకులు దిగుదురు. కర్నూలు నుండి, బళ్ళారి నుండి, ఇంకను దూరము నుండి మూటాముల్లెలతో, పిల్లలతో వచ్చి, చెట్ల క్రింద వంటలు పెట్టుకొని, కొంగు తలపై కప్పుకొని, ఇనుప చువ్వతో తడిమన్ను గీకుచు, అనుమానము గల రాతినెత్తి నాలుకతో తడిపి, ఎండకు పట్టి ఒక కన్ను మూసి చూతురు. ఆ క్షణమున వారి ముఖములు చూడవలెను: కిరీటము శిరస్సు మీదికి దిగుచున్నప్పుడు ఏ రాజకుమారుని ముఖమైనను అంత నిశ్చలముగా నుండదు. విజయనగరపు రోజులలో ఇరువది మంజాళ్ళ బరువు మించిన వజ్రమేదైనను అచ్యుతదేవరాయల బొక్కసమునకే చెల్లునని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. నేడు అట్టి నియమమేదియు లేకుండగనే వజ్రము సాయంత్రమునకు మధ్యవర్తి జేబులో నుండును. దొరికినవానికి కొంత పైకము, ఎవరితోను చెప్పవద్దను మాట మిగులును. విత్తనము వేయవలసిన నా పొలమున వందమంది గుంతలు త్రవ్వుచుండగా, "రావద్దు" అని గట్టున పాతిన పలకమీద వారి తువ్వాళ్ళు ఆరుచుండును.

నాలుగవనాటి సాయంత్రము నా రాజు ముసలివాడై మంచము పట్టెను. ముగ్గురు కొడుకులు, ఆటలోని వారసత్వ న్యాయమున రాజ్యము మూడు ముక్కలగునట. "ఇట్లా ముక్కలు కాకుండా ఇద్దరిని సంపేయల్ల మామా, లేకుంటే మఠంలోకి తోయల్ల" అని మేనల్లుడు శాస్త్రము చెప్పుచుండెను. నా ఏడెకరములకు వాడును వాని అన్నయు తల్లి పక్కన వాటా అడుగనున్నారని మా యింట గుసగుసలు పోవుచున్నవి గనుక, ఆ శాస్త్రమును నేను మిక్కిలి శ్రద్ధతో వింటిని.

అప్పుడు పెన్నహోబిలము వైపు ఉరిమెను. పిమ్మట పెంకులమీద నాలుగు చినుకులు. పిమ్మట నిజమైన వాన. కరెంటు యథావిధిగా పోయెను. మేనల్లుడు బ్యాటరీ వెలుగులో "మామా, రాజు సచ్చిపాయ, పెద్దోన్ని గద్దె ఎక్కిస్తాండా, యాడికి పోతాండావ్?" అని కేకపెట్టుచుండగా, నేను టార్చిలైటు తీసికొని, విత్తనపు మూటలను దాటి, చెప్పులు కూడ లేక పొలమునకు పోతిని.

పదును ఎంత దిగినదో చూడబోయితినని ఇంటిలో చెప్పితిని. గట్టు దాటినంతనే టార్చి వెలుగున ఏదియో తళుక్కుమనెను. ఇటునటు చూచి, వంగి, తీసి, నాలుకతో తడిపి, ఒక కన్ను మూసితిని. సోడాసీసా పెంకు.